మగ్గం గుంతలో దాచిన కాలు

నా ఎడమకాలిలో రక్తం పారే చప్పుడు వినడానికి హిందూపురంలో ఇరవైమంది డాక్టర్లు మంచం చుట్టూ నిలబడ్డారనీ, వాళ్లలో ఇద్దరు బెంగళూరు నుంచి పనిగట్టుకొని వచ్చారనీ ధర్మవరంలో మా వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు. వాళ్లకు చెప్పింది నేనే. నోటితో చెప్పేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. కాగితం మీద పెట్టాలంటే మాత్రం కొంచెం వెనకాడుతున్నాను. ఆ ఇరవైమంది సంగతి వాళ్ల చోటు వచ్చినప్పుడు చూసుకుందాం.

నాకు డెబ్బై ఒకటి. పన్నెండో ఏట మగ్గం ఎక్కాను. ఎక్కాను అంటున్నానుగానీ మాది గుంత మగ్గం, దిగాను అనాలి. నేలలో గుంత తవ్వి ఉంటుంది. అంచున కూర్చొని కాళ్లు లోపలికి దించి, అడుగున ఉండే తొక్కుడు చెక్కలను తొక్కుతూ పట్టుచీర నేస్తాం. వాకిట్లో నుంచి చూసేవాళ్లకు నడుము నుంచి తల వరకే మనిషి కనిపిస్తాడు. కింద సగం ఎలా ఉందో ఎవరికీ తెలియదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నా జబ్బు కథలో సగం ఇదే.

ఆషాఢం చివరి వారం

పోయిన ఏడాది శ్రావణం పెళ్లిళ్లకు అందించాల్సిన చీర మగ్గం మీద ఉంది. ఒక పొద్దున ఎడమ పిక్కలో ఎవరో లోపలి నుంచి గుంజినట్టు అనిపించింది. ఎక్కువసేపు కూర్చున్నందుకులే అనుకున్నాను. సాయంత్రానికి కాలు బరువెక్కింది. మర్నాడు చెప్పు పట్టలేదు. చర్మం మెరుస్తోంది, చేయి పెడితే వెచ్చగా ఉంది. కుడికాలు మాత్రం ఎప్పటిలాగే ఎండు కట్టె.

నాకు వెంటనే మా పెద్దన్న గుర్తొచ్చాడు. ఆయనకు చక్కెర జబ్బు. కాలివేలి మీద పుండు లేచింది. ఏవో పరీక్షలు, ఏదో స్కానింగు అని తీసుకుపోయారు. తిరిగి వచ్చినప్పుడు మోకాలి కింద ఏమీ లేదు. ఆ తర్వాత బతికిన తొమ్మిదేళ్లూ తన మగ్గం పక్కనే గోడకు ఆనుకొని కూర్చొని, మాకు దారం కండెలు చుట్టి ఇచ్చాడు. గుంతలోకి మాత్రం తొంగి చూసేవాడు కాదు. స్కానింగు అనే మాట వింటే నాకు ఆ గోడ, ఆ గోడకు ఆనిన మనిషి కళ్లముందు నిలబడతాయి. కాలు పోతే మగ్గం పోయినట్టే. మగ్గం పోయాక నేను ఎవరినో నాకు తెలియదు.

అందుకని మూడు రోజులు దాచాను. అందరికంటే ముందు లేచి గుంతలో దిగేవాణ్ని. టిఫిను అక్కడికే తెప్పించుకునేవాణ్ని. "చీర తొందర" అంటే ఇంట్లో ఎవరూ మారుమాట అనరు. ఉబ్బిన కాలిని అంత సులువుగా దాచగల మనిషి ఈ భూమ్మీద గుంత మగ్గం నేతగాడు ఒక్కడే.

దొరికిపోయింది పైకి లేచేటప్పుడు. కాలు మాట వినలేదు. నా భార్య నారాయణమ్మ వచ్చి చేయి అందించింది. లుంగీ పక్కకు తొలగింది.

"ఏమయ్యా! ఇదేంది, కాలా అరటిబోదెనా?"

"చీమ కుట్టిందిలేమే."

"చీమ కుడితే ఇంత ఉబ్బుతాదా? ఏనుగేమన్నా కుట్టిండాదా?"

ఆమె వాదించే రకం కాదు, కొలిచే రకం. ఎర్ర పట్టుదారం ముక్క తెచ్చి కుడి పిక్కకు చుట్టి ముడి వేసింది. ఎడమ పిక్కకు చుట్టి ఇంకో ముడి వేసింది. రెండు ముడులకూ మధ్య నాలుగు వేళ్లు పట్టాయి. పొద్దున మళ్లీ కొలుస్తాననీ, తగ్గకపోతే ఆసుపత్రే అనీ చెప్పింది. పొద్దున కొలిచే పని నేనే తీసుకున్నాను. దారాన్ని చర్మంలోకి దిగేదాకా బిగించి, "చూడు, వేలెడు తగ్గిండాది" అన్నాను.

ఆమె దారం లాక్కొని మళ్లీ కొలిచింది. వేలెడు పెరిగింది.

"పుట్టినకాడి నుంచి దారంతో బతికినోనివి. దారంతోనే దొంగాటలాడతాండావా?"

అప్పుడు నేను రాజీ మాట ఒకటి చెప్పాను. పెనుకొండలో మా చెల్లెలు చౌడమ్మ ఉంది. అక్కడ నూనె పెట్టి మర్దన చేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. నేత పనిలో నడుం పట్టేసినా, కాళ్లు గుంజినా మావాళ్లు రుద్దించుకుంటారు. నేనూ రెండు పూటలు గట్టిగా రుద్దించుకొని వస్తానన్నాను. నారాయణమ్మ ఒక్క క్షణం ఆలోచించి సరేనంది. ఆమె నమ్మింది నూనెను కాదు, చౌడమ్మను. అది నాకు తర్వాత తెలిసింది.

పెనుకొండ, మర్నాడు పొద్దున

చౌడమ్మ పెనుకొండలో ఒక బడిలో పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండుతుంది. మేము పోయేసరికి కూరగాయల సంచితో బయటికి పోబోతోంది. నా కాలు చూసి సంచి కింద పెట్టింది. బొటనవేలితో పిక్క మీద నొక్కి తీసింది. గుంట పడింది, అలాగే నిలిచిపోయింది.

"యాడికి పోవాలనుకుంటివన్నా దీన్ని ఎత్తుకొని?"

"ఆ మర్దన పెద్దాయన కాడికి."

"రుద్దేదే వద్దు. ఒక కాలు ఉబ్బి ఇంగోటి ఉబ్బకుంటే చేయి పెట్టి రుద్దొద్దండి అని మా బడికి వచ్చే నర్సమ్మ ఎన్నోసార్లు చెప్పింటాది. పద డాక్టరు కాడికి."

"మే, నేను వచ్చింది—"

"నువ్వు వచ్చింది దేనికైనా కానీ. పోయేది మాత్రం ఈడికి."

డాక్టరు చిన్నవయసు వాడు. మూడు ప్రశ్నలు అడిగాడు. ఎన్ని రోజులైంది, పని ఏమిటి, ఎవరైనా రుద్దారా. మూడు రోజులు, మగ్గం, లేదు అన్నాను. రుద్దలేదన్న మాటకు ఆయన ఊపిరి వదిలిన తీరు చూస్తే నాకు చెమట పట్టింది. కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చనీ, రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల దాకా పోవచ్చనీ, అది ప్రాణం మీదికి తెస్తుందనీ చెప్పాడు. "అనుమానం మీద నడవకూడదు. రక్తనాళాల స్కానింగు ఈ రోజే చేయించుకోండి. హిందూపురం పొండి" అని చీటీ రాసిచ్చాడు.

ఆయన చెప్పినదాంట్లో నాకు స్కానింగు అన్న మాట తప్ప ఇంకేదీ మనసుకు ఎక్కలేదు. బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. చీర నేసి దించినాక పోదామన్నాను. నారాయణమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. చౌడమ్మ మాత్రం నా ఎదురుగా చతికిలబడి కూర్చుంది.

"పెద్దన్నను గోడకానుకోని చూస్తిమి. నిన్ను కూడా అట్లే చూడాల్నా?"

"అందుకే పోనంటాండా. ఆయప్ప కూడా స్కానింగుకే పోయె. పోయినోడు రెండు కాళ్లతో వచ్చెనా?"

"ఆయప్ప ఆ పుండును ఆరు నెలలు గుడ్డ చుట్టి దాచిపెట్టుకోని, వాసన వచ్చినాక పోయె. మిషనేం చేస్తుంది పాపం, ఉండేది చూపిచ్చె."

ఇన్నేళ్లలో ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పే ఉంటారు, నేనే వినలేదేమో. ఆ పొద్దు బడిలో వంటకు ఇంకో ఆమెను కుదిర్చి, చౌడమ్మ కూడా మాతో బస్సెక్కింది.

బస్సులో ఒక మంచి జరిగింది. కండక్టరు నా కాలు చూసి, అడగకుండానే వెనక పొడవు సీటులో ఉన్న ముగ్గురిని లేపాడు. వాళ్లు సణుక్కోలేదు. నేను కాలు చాపుకొని కూర్చుంటే ఆ కాలిని నారాయణమ్మ తన ఒళ్లో పెట్టుకుంది. హిందూపురం దాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. రోడ్డు గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా రెండు చేతులతో కాలిని కదలకుండా పట్టుకొని కూర్చుంది. మాట్లాడి తిట్టి ఉంటే నాకు ఇంకొంచెం హాయిగా ఉండేది.

హిందూపురం, అదే రోజు మధ్యాహ్నం

స్కానింగు సెంటరు మెట్లు నేను చకచకా ఎక్కానని మా వీధిలో చెప్పాను. చక్రాల కుర్చీలో పోయాను. చౌడమ్మ తోసింది.

లోపల హాలు నిండా జనం. కుర్చీలో కూర్చున్నవాళ్లలో సగం మంది చేతిలో నీళ్ల బాటిళ్లు. అది చూసి నారాయణమ్మకు తనకు ఇంతకుముందు కడుపు స్కానింగు చేసిన సంగతి గుర్తొచ్చింది. డాక్టరు చీటీ రాసినప్పటి నుంచి ఎలాగూ నన్ను ఏమీ తిననివ్వలేదు. ఇప్పుడు రెండు బాటిళ్ల నీళ్లు తాగించింది. గంటసేపు ఒంటికి పోకుండా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. నా అవస్థ చూసి చీటీలు రాసే అమ్మాయి దగ్గరికి వచ్చి ఏ స్కానింగు అని అడిగింది. కాలికి అన్నాను.

"అయ్యో తాతా! కాలికి నీళ్లు తాగేది లేదు, ఉపాసముండేది లేదు. పోయి రాపో ముందు. వచ్చినాక ఇడ్లీ తిను."

ఆ అమ్మాయికి వెయ్యేళ్ల ఆయుష్షు ఉండాలని నేను ఆ క్షణంలో కోరుకున్నంత గట్టిగా జీవితంలో ఏదీ కోరుకోలేదు.

నా పక్క కుర్చీలో మడకశిర వైపు నుంచి వచ్చిన గొర్రెల కాపరి ఒకాయన ఉన్నాడు. యాభై దాటి ఉంటాయి. భుజం మీద కంబళి. కాళ్ల మీద నరాలు తాళ్లలా ఉబ్బి, చీలమండ దగ్గర చర్మం నల్లబడి ఉంది. ఆయనదీ కాళ్ల స్కానింగే, నా తర్వాత చీటీ.

"అన్నా, నొప్పి అయితాదా? సూది వేస్తారా?" అన్నాడు నెమ్మదిగా.

నిజానికి నాకూ తెలియదు. తెలియదని చెబితే సరిపోయేది. కానీ నా నోరు అలాంటి చోట ఆగదు.

"సూదా? సూదితో పోతుందా అప్పా! కాలికి కరెంటు పెడతారు. రక్తమంతా బయటికి గుంజి, మిషన్లో ఏసి తిప్పి, మళ్లా ఎక్కిస్తారు. అరుపులు ఈడికి వినిపించకుండా ఆ తలుపుకు లోపల దూది కొట్టింటారు చూడు."

ఆయన తలుపు వైపు చూశాడు. కంబళి సర్దుకున్నాడు. లేచి, చెప్పులు చేత్తో పట్టుకొని బయటికి నడిచాడు. నేను పిలిచేలోపు లోపలి నుంచి నా పేరు పిలిచారు.

స్కానింగు గదిలో చల్లగా, మసకగా ఉంది. గోడ మీద పెద్ద బోర్డు: ఇక్కడ పుట్టబోయేది ఆడో మగో చెప్పబడదు, అడగడం నేరం. స్కానింగు చేసేది ఒక డాక్టరమ్మ. నలభై ఏళ్లు ఉంటాయి. నాకు భయమేసినప్పుడు వెటకారం వస్తుంది. "అమ్మా, నా కాల్లో ఉండేది ఆడో మగో నువ్వు చెప్పాకు, నేను అడగను" అన్నాను. ఆమె నవ్వింది. నవ్వాక నారాయణమ్మ వైపు తిరిగి, "మీరు ఈడనే కూర్చోండమ్మా, ఈయన చేయి పట్టుకోండి. మాటలు ఎక్కువున్నోళ్లకే భయం ఎక్కువ" అంది. ఇంత తొందరగా నన్ను చదివిన మనిషి ఇంకొకరు లేరు.

లుంగీ పైకి మడిచి, మానానికి ఒక దుప్పటి కప్పింది. "చల్లగా ఉంటుంది తాతా" అని ముందే చెప్పి గజ్జల దగ్గర జిగురులాంటిది పూసింది. ఆమె చేతిలో నాడె అంత వస్తువు ఒకటి ఉంది. నాడె అంటే చీరలో అడ్డపోగును ఈ అంచు నుంచి ఆ అంచుకు మోసేది. దాన్ని చర్మం మీద ఆనించి నొక్కింది, వదిలింది. అంగుళం కిందికి జరిపింది. నొక్కింది, వదిలింది. కరెంటు లేదు, సూది లేదు, రక్తం బయటికి తీసింది లేదు.

నేను ఆ చేతినే చూస్తూ ఉండిపోయాను. మగ్గం మీద ఎక్కడో ఒక పోగు తెగితే, వేల పోగుల మధ్య దాన్ని వెతకడానికి వేళ్లను ఇలాగే పోనిస్తాం. తొందరపడితే దాటిపోతాం. గట్టిగా లాగితే ఇంకో రెండు తెగుతాయి. ఆమె ఒక్క అంగుళం కూడా వదిలిపెట్టలేదు. బయట అంతమంది ఉన్నా ఒక్కసారి గడియారం వైపు చూడలేదు. యాభై తొమ్మిదేళ్లు చేతిపనితో బతికిన నాకు, పని తెలిసిన చేయి ఎలా ఉంటుందో ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు.

తెర నా వైపు తిప్పి చూపించింది. "ఇవిగో రెండు గుండ్రాలు. ఇది కాలికి రక్తం తెచ్చే నాళం, ఇది పైకి తీసుకుపోయే నాళం. తీసుకుపోయేదాన్ని నొక్కితే మూసుకోవాల. చూడండి, మూసుకుంటాంది. మంచిదే."

తర్వాత ఏదో మీట నొక్కింది. గదిలోకి చప్పుడు వచ్చింది. ధబ్బు, ధబ్బు, ధబ్బు. అది నా రక్తమే అంది. తెర మీద ఎరుపు, నీలం మెరిశాయి. మా వీధిలో ఇరవై మగ్గాలు ఒకేసారి ఆడేటప్పుడు కూడా ఏ ఇంటి మగ్గం ఆగిందో నేను మంచం మీద పడుకొని చెప్పగలను. అలాంటి చెవి నాది. ఆ చెవితో వింటూ ఉన్నాను. ఆమె చేయి తొడ దిగి మోకాలి వెనక్కు వచ్చింది. అక్కడ నొక్కింది. కొంచెం నొప్పి. గుండ్రం మూసుకోలేదు. మళ్లీ నొక్కింది. మూసుకోలేదు. చప్పుడు పెట్టింది. ఏమీ వినిపించలేదు.

ఆగిపోయిన మగ్గం. నా కాలు చచ్చిపోయిందనుకున్నాను. పెద్దన్న గోడ నా వీపుకు తగిలింది.

"తాతా, కాళ్లు కదిలిస్తాండారు. బొమ్మ చెదిరిపోతాంది."

"నేనా? లేదమ్మా."

చూసుకుంటే నిజమే. రెండు పాదాలూ వాటంతట అవే కిందికీ పైకీ ఆడుతున్నాయి. ఎడమ, కుడి, ఎడమ, కుడి.

నారాయణమ్మ చెప్పింది: "మగ్గం తొక్కుతాండాడమ్మా. చప్పుడు నిలిచిపోతే ఈయన కాళ్లు గమ్మునుండవు. నిద్రలో కూడా అంతే."

వేరే ఎవరైనా అయితే విసుక్కునేవారు. ఆ డాక్టరమ్మ నా పాదాల వైపు తిరిగి చూసింది.

"అయితే మంచిదే. నేను తొక్కమన్నప్పుడు మాత్రం తొక్కండి. పాదంతో ఒక్క తొక్కు, అంతే. ఆపైన కదలొద్దు. ఊ, తొక్కండి."

తొక్కాను. తొడ దగ్గర ఉస్సుమని గాలి వీచినట్టు చప్పుడు వచ్చింది. నేను తొక్కితే నా రక్తం పైకి పారుతోంది! మోకాలి వెనక పెట్టి మళ్లీ తొక్కమంది. ఈసారి సన్నగా, చెంబు మూతి పక్కనుంచి గాలి పోయినట్టు. కానీ పోయింది. "గడ్డ ఉండాది ఈడ. పూర్తిగా మూసుకోలేదు, పక్కనుంచి పారుతాంది" అంది. ఇంకా కిందికి దిగి పిక్కంతా వెతికింది. తర్వాత కుడికాలు కూడా అంతే ఓపికగా చూసింది. అంతా కలిపి అరగంట.

నేను అడగాల్సింది అడిగాను. "కోస్తారామ్మా?"

"ఏం కోస్తారు?"

"కాలు."

ఆమె చేతిలోది పక్కన పెట్టింది. అప్పటిదాకా తెర వైపు ఉన్న కళ్లను నా వైపు తిప్పింది. "దీనికి కాలు తీయరు తాతా. రక్తం పలచబడేదానికి మందులిస్తారు, మీ డాక్టరు అంతా చెప్తారు. మీ కాలు బతికే ఉండాది. వినండి." పాదం మీద, వేళ్లకు పైన కొంచెం జిగురు పూసి ఆనించింది. టక్కు, టక్కు, టక్కు. చిన్నగా, తప్పకుండా, పక్క వీధిలో ఎవరో నేస్తున్నట్టు.

నా కళ్లలో దుమ్ము పడిందని చెప్పాను. ఆ గదిలో దుమ్ము లేదు.

ఇప్పుడు ఆ ఇరవైమంది లెక్క. ఆ చప్పుడు విన్నవాళ్లు: డాక్టరమ్మ ఒకతి. నా చేయి పట్టుకున్న నారాయణమ్మ. తలుపు సందులో నుంచి తల దూర్చిన చౌడమ్మ. బక్కెటు కోసం వచ్చి నిలబడిపోయిన, నేల తుడిచే ఆమె. డాక్టరు ఒక్కతే. బెంగళూరు నుంచి ఎవరూ రాలేదు. ఆ ఒక్కతి ఇరవైమంది పని చేసిందని నాకు అనిపించింది, అది మాత్రం ఇప్పటికీ మార్చుకోను.

గుడ్డతో కాలు తుడిచి పంపించారు. బయటికి రాగానే హాలులో కంబళి కోసం వెతికాను. లేదు. చౌడమ్మ కుర్చీ తోస్తూ, ఎదురుగా టీ అంగడిలో ఉన్నాడని చూపించింది. డాక్టరు చీటీ చేతిలో ఉండగా నన్ను అక్కడికి తోయించుకున్నాను. నారాయణమ్మ తిట్టలేదు. అప్పటికి ఆమె నాతో మాట్లాడ్డం మొదలుపెట్టింది కూడా.

"అప్పా, నేను చెప్పిందంతా వట్టి కోతలే. కరెంటు లేదు, సూది లేదు. పంచె పైకి ఎత్తుకోని పండుకోవాల. చల్లగా జిగురు పూస్తారు. దాని మీద ఒకటి ఆనిచ్చి నొక్కుతా పోతారు. ఉబ్బినకాడ కొంచెం నొస్తాది, అంతే. చప్పుడు వస్తే బెదురుకోవద్దు, అది నీ రక్తమే. చప్పుడు రాకపోయినా బెదురుకోవద్దు. అడిగితే అంతా చెప్తాదాయమ్మ. తుడుచుకోని లేచి రావచ్చు."

"అంతేనా?"

"అంతే."

"మరి అట్లేంటికి చెప్తివన్నా?"

"నాకు భయమై."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "నీకు భయమైతే నువ్వు పడాల. నాకేంటికి పంచితివి?"

ఆయన కంబళి దులుపుకొని, చెప్పులు వేసుకొని, రోడ్డు దాటి లోపలికి పోయాడు. ఆయన పేరు నేను అడగలేదు. అడగడానికి మొహం చెల్లలేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు

ఆ సాయంత్రమే మందులు మొదలుపెట్టారు. కొన్ని దినాలు సూదులు, తర్వాత మాత్రలు. మాత్ర ఒక్క పూట కూడా మరవకూడదు, గడ్డం గీసుకునేటప్పుడు జాగ్రత్త, కాలికి బిగుతు మేజోడు. ఆ మేజోడు ఎక్కించడం ఒక యుద్ధం. పొద్దున్నే నారాయణమ్మ ఒకవైపు, నేను ఒకవైపు లాగేవాళ్లం. వీధిలో పోయేవాళ్లు విని మేము కొట్టుకుంటున్నామనుకున్నారు. కొన్నిసార్లు నిజంగానే కొట్టుకున్నాం.

భయం మాత్రం మాత్రలతో తగ్గలేదు. దగ్గు వస్తే గడ్డ ఊపిరితిత్తులకు పోయిందేమోనని కూర్చునేవాణ్ని. నారాయణమ్మ నా మొహం చూసి వచ్చి పక్కన కూర్చునేది. మగ్గం మీద చీరను మా పక్కింటాయన దించి పెట్టాడు. కొంగు దగ్గర ఆయన చేయి, నా చేయి కలిసిన చోటు నాకు తెలుస్తుంది. కట్టుకున్నామెకు తెలియదు. తెలియకుండా నేసినందుకు ఆయనకు దండం పెట్టాను.

మూడు నెలలు దాటాక హిందూపురం మళ్లీ పోయాం. ఈసారి మెట్లు నేనే ఎక్కాను. ఒక్కొక్కటిగా, కమ్మీ పట్టుకొని. నీళ్లు తాగలేదు, రెండు ఇడ్లీలు తిని పోయాను. అదే డాక్టరమ్మ. నన్ను చూడగానే "తొక్కే తాతా!" అంది. మోకాలి వెనక నొక్కింది. గుండ్రం మూసుకుంది. పూర్తిగా కాదు, ఒక అంచు దళసరిగా మిగిలింది. అయినా మూసుకుంది. తొక్కమంటే తొక్కాను. గాలి ధారాళంగా వీచింది. ఆమె తెర వైపు చూసి తల ఊపుతుంటే, మంచి చీర దిగినప్పుడు నేను అలాగే ఊపుతానని నారాయణమ్మ చెప్పింది.

ఇప్పుడు మళ్లీ గుంతలో దిగుతున్నాను. పొద్దంతా కాదు. అరగంటకు ఒకసారి ఫోనులో అలారం మోగుతుంది, లేచి వాకిలి దాకా నడిచి వస్తాను. నేత నిదానమైంది. కానీ నేత ఉంది.

ఇదంతా ఎందుకు రాశానంటే, మగ్గాల మీద కూర్చునేవాళ్లూ, బస్సులు నడిపేవాళ్లూ, కదలకుండా పొద్దంతా పని చేసేవాళ్లూ చదువుతారని. ఒక కాలు ఉబ్బితే రుద్దొద్దు. ఆ స్కానింగుకు జంకొద్దు. అది కాలు తీసే మిషను కాదు. నాలాగా మూడు రోజులు దాచొద్దు.

ఇంతవరకు రాసి, నిన్న పొద్దున నారాయణమ్మకు చదివి వినిపించాను. రాట్నం దగ్గర కండెలు చుడుతూ వింది. గొర్రెల కాపరి మాటకు నవ్వింది. డాక్టరమ్మ మాటకు కళ్లు తుడుచుకుంది. అంతా అయ్యాక బాగుందా అని అడిగాను. రాట్నం ఆపింది.

"మూడు దినాలు అని రాసినావే, ఆ మూడు యాడ నుంచి వచ్చె? పదకొండు దినాలు దాచినావు నువ్వు. ఆ పొద్దు బస్టాండులో నువ్వే నా చెవిలో చెప్తివి, డాక్టరుకు అబద్ధం చెప్తినని. నేను ఉరికి పోయి ఆయప్పకు పదకొండని చెప్పొస్తి. మూడని రాస్తే, కాలు ఉబ్బినోడు ఎవడో చదివి, ఇంగా వారముందిలే అని గుంతలోనే కూసుంటాడు. కొట్టేసి పదకొండని రాయి."